సున్నా పరీక్ష

నాకు నోరెక్కువని మా బిల్డింగులో అందరూ అంటారు. అననీ. కుట్టుమిషను మీద బతికేదాన్ని, పొద్దస్తమానం సూదితోనే పని, మాట కూడా కాస్త గుచ్చుకుంటుంది. అసలు పేరు మర్చిపోయి అందరూ నన్ను మిషనక్క అనే పిలుస్తారు. నా కోపం మామూలుగా పాల పొంగులాంటిది, వచ్చినంతసేపు ఉండదు. ఆ ఆదివారం వచ్చిన కోపం మాత్రం ఇంకా చల్లారలేదు. ఎవరికో ఒకరికి చెప్పకపోతే నా కడుపుబ్బరం తీరదు.

మా బిల్డింగు మెట్ల తలుపు పైన ఒక బోర్డు ఉంటుంది. ఎర్రటి అంకెలు. లోపల ఈ క్షణాన ఎంతమంది మనుషులున్నారో అది చూపిస్తుంది. అరవై రెండు, యాభై తొమ్మిది, డెబ్భై ఒకటి, ఇలా మారుతూనే ఉంటుంది. ఎక్కడో ఒక బిల్డింగు కాలిపోయినప్పుడు లోపలింకెవరూ లేరనుకుని ఫైరువాళ్ళు వెనక్కి తిరిగారట, పైఅంతస్తులో ఒక ముసలాయన ఉండిపోయాడట. అప్పటినుంచి ప్రతి ఇంటి గోడకీ ఒక తెల్లటి పెట్టె బిగించాలని రూలు వచ్చింది. క్వాంటమ్ పెట్టె అంటారు. గుండె కొట్టుకున్నప్పుడల్లా మనిషి చుట్టూ ఏదో సన్నటి అయస్కాంతం పుడుతుందట. గోడలో కూర్చుని ఇది దాన్ని పసిగట్టి లెక్కపెడుతుంది.

ఇదంతా నాకు చెప్పింది మా మరిది. మా చెల్లెలి మొగుడు. ఆ పెట్టెలు బిగించే కంపెనీలో మెకానిక్కు. మా ఇంటి పెట్టె బిగించింది కూడా అతనే.

పెళ్ళైన కొత్తలో ఇద్దరూ మా ఇంటికి భోజనానికి వచ్చారు. నేను కంచాలు పెడుతూ ఆ పెట్టె వైపు చెయ్యి చూపించి దెబ్బలాటకి దిగాను.

"ఏమయ్యా మరిదీ, నా ఇంటికి ఎవరొచ్చారో, ఎవరు పోయారో ఇది ఊరంతా టముకు వేస్తుందా?"

అతను నవ్వాడు. వెన్నపూసలాంటి గొంతు అతనిది. "అయ్యో వదినా, అక్కడే ఉంది దీని గొప్ప. ఇళ్ళన్నిటి పెట్టెల్నీ కలిపి వెలుగుతో ఒక ముడి వేస్తాం. మీ పెట్టెనొక్కదాన్నే అడిగితే పిచ్చివాగుడు వాగుతుంది. పక్కింటిదీ అంతే. అన్నిటినీ కలిపి అడిగితేనే ఒక్క మొత్తం చెప్తాయి. ఏ ఇంట్లో ఎందరో మీ బిల్డింగు సెక్రటరీకి తెలీదు, కంపెనీకి తెలీదు, బిగించిన నాక్కూడా తెలీదు. మధ్యలో ఎవడైనా దొంగచెవి పెడితే ముడి ఊడిపోతుంది, వాడు దొరికిపోతాడు."

"మరి తప్పు లెక్క చెప్తే?"

"చెప్పదు. మా ఆఫీసులో ఒకసారి బోర్డు ఒకటి ఎక్కువ చూపించింది. పెట్టెలన్నీ విప్పాం, మళ్ళీ బిగించాం, ఒకటి ఎక్కువే. చివరికి మా క్యాషియరమ్మ సిగ్గుపడుతూ చెప్పింది, తనకి నెల తప్పి నాలుగు నెలలైందని. దానికి పుట్టినవాళ్ళూ పుట్టబోయేవాళ్ళూ ఒకటే వదినా. గుండె ఉంటే మనిషే."

అందరం పగలబడి నవ్వాం. మా చెల్లి కూడా నవ్వింది. ఎంత తెలివైనవాడు దొరికాడే నీకు అని నేను దాని భుజం తట్టాను. నా చెయ్యి విరిగిపోను.

విరిగింది నా చెయ్యి కాదు. దానిది. ఒకరోజు పొద్దున్నే తలుపు తీస్తే గుమ్మంలో నిలబడి ఉంది. ఒక కాలికి దాని చెప్పు, ఇంకో కాలికి అతని చెప్పు. కుడి మణికట్టు వాచిపోయి రంగు మారింది. ఫోను ఎప్పుడో లాక్కున్నాడట. బయటికి వెళ్తే ఎంతసేపైంది, తిరిగొస్తే ఎవరు కనబడ్డారు, ఇదీ కాపురం. నేను వెంటనే వెళ్ళి అతని జుట్టు పట్టుకుని ఈడుస్తానన్నాను. అది నా కాళ్ళకి అడ్డం పడింది.

"నేనిక్కడున్నానని తెలిస్తే తీసుకెళ్ళిపోతాడక్కా. మెత్తగా మాట్లాడతాడు. అందరూ అతన్నే నమ్ముతారు. నువ్వు కూడా నమ్మావుగా."

దాన్ని లోపలికి లాగి తలుపు గడియ పెట్టాను. ఉంచేసుకున్నాను. అమ్మకి కూడా సగమే చెప్పాం. దూరాన్నుంచి ఫోను చేసినప్పుడల్లా అమ్మది ఒకటే పాట. "మగాడన్నాక ఆ మాత్రం కోపం ఉంటుందే. పిల్లో పిల్లాడో పుట్టనీ, వాడే దారికొస్తాడు." చెల్లి వింటూ బొత్తాలు కుడుతూ కూర్చునేది.

నేను ఒంటికాయ శొంఠికొమ్ములా ఆ ఇంట్లో ఒక్కదాన్నే ఉండేదాన్ని. ఇంకో మనిషి చేరినట్టు బోర్డు చెబుతుందేమోనని మొదట్లో భయం వేసింది. కానీ అరవై మందిలో ఒకరు ఎక్కువైతే ఎవడు చూడొచ్చాడు? పైగా కొలతలివ్వడానికి నా దగ్గరికే రోజూ జనం వచ్చిపోతుంటారు. గుంపులో గోవిందా. మా మరిది చెప్పిన మాటే మాకు ధైర్యం. ఏ ఇల్లో ఎవరికీ తెలీదు, అతనికి కూడా తెలీదు.

చెల్లి నెమ్మదిగా కోలుకుంది. మణికట్టు పూర్తిగా తిరగదు గానీ వాపు పోయింది. ఒళ్ళు కూడా చేసింది. దాని చొక్కాలకి రెండుసార్లు పక్కకుట్లు విప్పి వదులు చేశాను. "నా చేతివంట ఒంటబట్టిందే నీకు" అని మురిసిపోయాను కూడా. ఎదురుగా నిలబెడితే చాలు, టేపు లేకుండా కొలత చెప్పేస్తానని ఈ వీధంతా నాకు పేరు. ఆ పేరు కాల్చనా?

కొన్నాళ్ళకి అతను వచ్చాడు. చెల్లి, నా దగ్గరికొచ్చేవాళ్ళు బట్టలు వేసి చూసుకునే మూలన, తెర వెనక్కి దూరింది. నేను మంచినీళ్ళిచ్చాను.

"ఇక్కడికి వచ్చిందా వదినా?"

"రాలేదు. ఏం, మళ్ళీ ఏమైంది మీ ఇద్దరికీ?"

అతను గ్లాసు కింద పెట్టి గోడ దగ్గరికి వెళ్ళాడు. పెట్టె మీద దుమ్ము వేలితో తుడిచాడు. "మీరు అబద్ధం చెప్పరు కదా. చెప్పినా ఇది బయటపెట్టదు. అలా తయారుచేశాం మరి" అని నవ్వి వెళ్ళిపోయాడు. అతను మెట్లు దిగిపోయాక నేను ఆ పెట్టెకి దణ్ణం పెట్టాను. నీ చేత్తో బిగించిందే నీకు అడ్డం తిరిగిందిరా అనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్నో చూడండి.

తర్వాతి వారం లిఫ్టులో నోటీసు అంటించారు. ఆదివారం పొద్దున సున్నా పరీక్ష. పెట్టెలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూడ్డానికి అందరూ ఇళ్ళు ఖాళీ చేసి కింద ఆవరణలోకి రావాలి. బోర్డు సున్నా చూపించేదాకా ఎవరూ లోపలికి వెళ్ళకూడదు. పెట్టెల కంపెనీ మనిషి వస్తాడు. కింద మా సెక్రటరీ సంతకం.

మా సెక్రటరీకి రూలంటే ప్రాణం. నా ఇంట్లోంచి ఒక దారప్పోగు మెట్ల మీద పడితే పట్టుకొచ్చి నాకే అప్పజెప్పే రకం. రానని చెబితే ఇంట్లోకి వచ్చి మరీ కారణం అడుగుతాడు. అందుకని ఒక ఉపాయం పన్నాను. చెల్లి మూతికి గుడ్డ కట్టుకుని, కొలతలివ్వడానికొచ్చిన మనిషిలా నాతో దిగుతుంది. గుంపులో ఒక చివర నిలబడి, పరీక్ష అయ్యాక మళ్ళీ నాతోనే ఎక్కేస్తుంది. పెట్టెల కంపెనీలో బోలెడంతమంది మెకానిక్కులు. అతని పని ఊరికి అవతలి కొసన. ఇక్కడికి అతనెందుకొస్తాడు?

ఆ రోజు మూడో అంతస్తు నుంచి దిగుతూ, మెట్ల కిటికీ దగ్గర చెల్లి నా మోచెయ్యి పట్టేసింది. గోళ్ళు చర్మంలోకి దిగాయి. కిందికి చూశాను. ఆవరణ మధ్యలో, బోర్డుకి ఎదురుగా, కంపెనీ చొక్కా తొడుక్కుని, భుజానికి సంచీతో నిలబడి ఉన్నాడు. దిగొచ్చే ఒక్కొక్క మొహాన్నీ చూస్తున్నాడు.

అప్పుడు వెలిగింది నా మట్టిబుర్రకి. మా పెట్టెని విడిగా అడిగితే చెప్పదు. నిజమే. అబద్ధం ఒక్క ముక్క కూడా చెప్పలేదతను. కానీ అరవై మందినీ బయటికి రమ్మంటే? మొత్తంలోంచి అందర్నీ తీసేస్తే మిగిలేదెవరు? ముడి విప్పలేదు, తీగ కొయ్యలేదు, దొంగచెవి పెట్టలేదు. నోటీసు అంటించాడంతే.

"నువ్వు పైకి పో" అన్నాను. "ఎవరు పిలిచినా తలుపు తియ్యకు. కింద సంగతి నేను చూసుకుంటా."

"అక్కా, బోర్డు..." అంది చెల్లి.

"బోర్డు మొహం మండ. ఒకటి చూపిస్తే చూపించనీ. పెట్టె చెడిపోయిందని నలుగురిలో నానా యాగీ చేస్తాను. నువ్వు పో."

ఇంకా ఏదో చెప్పబోయింది. వెనకనుంచి జనం దిగుతున్నారు. తోసేసినట్టు పైకి పంపించి నేను కిందికి వచ్చాను.

"రండి వదినా" అన్నాడు అతను, ఇంటికి పిలిచినంత మర్యాదగా. "మీ కోసమే చూస్తున్నా. ఒక్కరేనా?"

"నేనెప్పుడూ ఒక్కదాన్నేగా" అన్నాను. సెక్రటరీ మురిసిపోయాడు. "అరె, మీ చుట్టమా మిషనక్కా? చెప్పలేదే! ఎంత మంచి మనిషి. ఆదివారం పూట కూడా మన కోసం వచ్చారు."

బోర్డు మీద అంకె దిగుతోంది. నలభై. ఇరవై రెండు. పదకొండు. పిల్లలు పెద్దగా లెక్కపెడుతున్నారు, అదొక ఆటలా ఉంది వాళ్ళకి. కింద వాటా మామ్మగారు కర్ర పట్టుకుని మెల్లగా వచ్చి ఒక కుర్చీలో కూలబడింది. ఐదు. మూడు. రెండు.

నేను ఒకటి కోసం చూస్తున్నాను. చెడిపోయిన పెట్టె గురించి ఎలా అరవాలో మాటలు కూడబెట్టుకుని పెట్టుకున్నాను. ఒకటి రాలేదు. రెండు దగ్గర ఆగిపోయింది.

సెక్రటరీ ఇంటి నెంబర్లు ఒక్కొక్కటే పిలిచాడు. అందరూ ఉన్నారు. మళ్ళీ పిలిచాడు. అందరూ ఉన్నారు. బోర్డు మీద రెండు.

ఇంకెవరబ్బా అని నేనూ నలువైపులా చూశాను. చూస్తుండగానే ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి. రెండుసార్లు విప్పిన పక్కకుట్లు. పొద్దున్నే కుళాయి తిప్పి వదిలేసి బాత్రూములో అంతసేపు. అన్నం వాసనకి కిటికీ తెరవడం. "అక్కా, బోర్డు..." అన్న మాట. కంచాల ముందు మేమంతా పగలబడి నవ్విన ఆ క్యాషియరమ్మ కథ. అది చెల్లికి గుర్తుంది. నాకు లేదు.

అతనికీ లేదని మొహం చూస్తేనే తెలిసింది. ఒకటి కోసం వచ్చినవాడికి రెండు కనిపించేసరికి వెన్నపూస కరిగిపోయింది. నా దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకుండా, పళ్ళ మధ్యనుంచి అడిగాడు.

"రెండోవాడెవడు వదినా?"

చెంప పగలగొడదామని చెయ్యి లేచింది. అయ్యో దరిద్రుడా, వాడెవడూ లేడు, అది నీ... అని నాలిక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాట అంటే అనుమానం పోతుంది. కానీ అది నా మాట కాదు. అక్కనైన నాకే చెప్పని మాట. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు మూసుకున్నాను. ఎంత కష్టమో నాకే తెలుసు.

"నేను పైకి వెళ్ళి చూసొస్తా" అన్నాడు అతను సెక్రటరీతో, గొంతు మళ్ళీ మెత్తగా చేసి. "లోపలెవరికైనా ఒంట్లో బాలేదేమో."

నేను వెళ్ళి మెట్ల తలుపుకి అడ్డంగా, గుమ్మంలో చతికిలబడ్డాను. "సున్నా వచ్చేదాకా ఎవరూ లోపలికి వెళ్ళకూడదని రాయించింది మీరే కదా? ఏం సెక్రటరీగారూ, రూలు మాకేనా, ఆయనకి లేదా?"

సెక్రటరీ ఇరకాటంలో పడ్డాడు. "అవునండీ, నోటీసులో అలాగే ఉంది" అని నసిగాడు.

"సరే" అన్నాడు మా మరిది. సంచీ కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు. "ఇలాగే నిలబడదాం. నాకేం తొందర లేదు. లోపలున్నవాళ్ళే వస్తారు."

తొందర అతనికి లేదు గానీ మిగతా అందరికీ ఉంది. ఎండ నెత్తికెక్కింది. ఒకామె పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిందట. పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. ఇక అందరి చూపులూ నా మీదికి తిరిగాయి.

"మూడో అంతస్తులో రాత్రిళ్ళు ఇద్దరు మాట్లాడుకోవడం నేను విన్నాను" అన్నాడొకడు.

"అద్దె ఒక్కరికని చెప్పి ఇంతమందిని పెట్టుకోవచ్చా?"

"ఎవరో చెప్పెయ్యమ్మా, మా ప్రాణాలు తియ్యకు. దాచడానికి అదేమన్నా దొంగసొత్తా?"

"దాచుకుంటా!" అని అరిచాను. "నా ఇల్లు, నా నాలుగు గోడలు, దాచుకుంటా. నువ్వు రాత్రిళ్ళు నా గోడకి చెవి పెట్టుకుని పడుకుంటున్నావా? సిగ్గులేదూ? మీ ఇళ్ళల్లో ఎవరెవరున్నారో నేనెప్పుడైనా అడిగానా? బట్టలు కుట్టేదాన్ని, మీ అందరి ఒళ్ళూ నాకు తెలుసు. ఎవరి నడుమెంతో, ఎవరు ఏ మచ్చ దాచుకోడానికి చేతులు పొడుగు పెట్టించుకుంటారో, ఏనాడైనా నా నోటివెంట వచ్చిందా? నోరెక్కువంటారే నాకు! వచ్చిందా?"

మామ్మగారు మాత్రం "రాలేదు" అంది, తన కర్ర వైపు చూసుకుంటూ.

నా వెనక మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. ఎవరిదో నాకు తెలుసు. తల తిప్పలేదు. తిప్పితే ఏడుస్తానని భయం. చెల్లి నా భుజం మీద చెయ్యి వేసి, నన్ను దాటుకుని, మూతికి కట్టుకున్న గుడ్డ విప్పేస్తూ ఆవరణలోకి నడిచింది.

బోర్డు మీద రెండు కాస్తా సున్నా అయింది. మధ్యలో ఒకటి రాలేదు.

అంతమందీ చూశారు. వచ్చింది ఒక్క మనిషి, తగ్గింది ఇద్దరు. మొదట అర్థంకానట్టు బోర్డు వైపు చూశారు, తర్వాత దాని మొహం వైపు, తర్వాత అందరి కళ్ళూ ఒక్కసారిగా దాని పొట్ట మీదికి దిగాయి. అది చేతులు అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్ళు నేను వదులు చేసిన ఆ చొక్కా ఆ క్షణాన దేనికీ పనికిరాలేదు. నడివీధిలో బట్టలు ఊడదీసినట్టు నిలబడింది నా చెల్లి.

అతనికి కూడా అప్పుడే అర్థమైంది. మొహం విప్పారింది. "నిజమా?" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు కూడా తెచ్చుకున్నాడు, నీళ్ళకేం తక్కువ. "నాకు చెప్పనే లేదే! పద, ఇంటికెళ్దాం. అందరి ముందూ ఎందుకు? ఇప్పుడు నువ్వొక్కదానివి కాదు కదా."

గుంపులో అప్పుడే జాలి మొదలైంది. "పాపం, మొగుడు వెతుక్కుంటూ వచ్చాడు" అని ఒక గొంతు. "కడుపుతో ఉన్నప్పుడు అలకలుంటాయి, సర్దుకోవాలమ్మా" అని ఇంకొకటి. మా అమ్మ పాటే. ఊరు మారినా పాట మారదు.

చెల్లి కుడిచెయ్యి పైకెత్తింది. మణికట్టు తిప్పబోయింది. సగంలో ఆగింది.

"ఇంతవరకే తిరుగుతుంది" అంది. గొంతు పెద్దది కాదు గానీ అందరికీ వినబడింది. "విరిచింది ఇతనే. నేనిక్కడ దాక్కుంది ఇతన్నుంచే. సున్నా చూడాలన్నావుగా, చూశావు. ఇంక వెళ్ళు."

సెక్రటరీ నోరు తెరుచుకుని ఒకసారి చేతి వైపు, ఒకసారి అతని వైపు చూశాడు. తర్వాత ఫోను తీసి, గేటు పక్క గోడ మీద అంటించి ఉన్న కంపెనీ నెంబరుకి కొట్టాడు. అవతల ఏదో అన్నారు. "సున్నా పరీక్షా? అలాంటిదేమీ లేదా? మీరెవర్నీ పంపలేదా?" అని ఒక్కో ప్రశ్నకీ ఆయన గొంతు పెరుగుతూ వచ్చింది. మణికట్టు చూసి వచ్చిన కోపమో, రూలు తప్పిందన్న కోపమో తెలీదు. ఆయనకి వస్తే ఇంత కోపం వస్తుందని నాకు ఆ రోజే తెలిసింది.

"పెళ్ళాన్ని వెతుక్కోడానికి నా బిల్డింగంతా ఖాళీ చేయించావా? నా చేత సంతకం పెట్టించి? పిల్లల్నీ ముసలివాళ్ళనీ ఎండలో నిలబెట్టి? నడువ్ ముందు! పోలీసుల్ని పిలవమంటావా?"

ఇందాక నా మీద లేచిన నోళ్ళన్నీ ఇప్పుడు అటు తిరిగాయి. గోడకి చెవి పెట్టినవాడే అందరికంటే గట్టిగా అరిచాడు. నాకేమీ సంతోషం కలగలేదు. నలుగురితో పాటు అరవడం ఎవడికి చేతకాదు?

అతను సంచీ భుజానికి తగిలించుకున్నాడు. గేటు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, చెల్లికేసి రెండు వేళ్ళు చూపించాడు. నవ్వాడు. వెళ్ళిపోయాడు. ఆ రెండు వేళ్ళు ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనిపిస్తాయి నాకు. ఒంటరిదనుకుని దాన్ని వెతుక్కుంటూ వచ్చినవాడు, ఇంకో పట్టు దొరకబుచ్చుకుని పోయాడు. ఇక వదలడు. కోర్టంటాడు, నా బిడ్డంటాడు, పెద్దమనుషులంటాడు. ఆ పట్టు అతని చేతికిచ్చింది ఎవరు? ఏ ఇంటి గుట్టూ బయటపెట్టనని ఒట్టేసుకున్న పెట్టె. పోనీ అది ఒట్టు తప్పిందా అంటే తప్పలేదు. అదే నన్ను కాల్చేస్తోంది. ఎవర్ని తిట్టాలి నేను?

"పదండి పదండి, పైకి" అన్నాడు సెక్రటరీ.

జనం మర్యాదకి పక్కకి జరిగి చెల్లికి దారి వదిలారు. అది గుమ్మం దగ్గరిదాకా వెళ్ళి, తల ఎత్తి బోర్డు చూసి, ఆగిపోయింది.

"నేను ముందు వెళ్ళను" అంది.

మొదట నాకూ అర్థం కాలేదు. మామ్మగారికి అర్థమైంది. అది ముందు అడుగు పెడితే సున్నా మళ్ళీ రెండవుతుంది. కర్ర నేలకేసి కొట్టింది మామ్మగారు.

"ఏమిటలా చూస్తారు? అందరూ ఒక్కసారే ఎక్కండి. తోసుకోండి. ఆ పిల్లని మధ్యలో పెట్టుకోండి. ఎక్కండర్రా!"

ఎక్కారు. పాల కోసం పరిగెత్తే ఆమె, పిల్లలు, సెక్రటరీ, గోడకి చెవి పెట్టినవాడు, అందరూ ఒకరి మీద ఒకరు పడుతూ ఆ ఇరుకు గుమ్మంలోంచి తోసుకున్నారు. మధ్యలో ఎక్కడో చెల్లి. నేను బోర్డు వైపు చూడలేదు. చూసినవాళ్ళకి కూడా ఏమీ తెలిసి ఉండదు.

ఇంటికి వచ్చి తలుపు వేసుకోగానే నేను పెద్ద కత్తెర తీసుకుని గోడ మీదికి వెళ్ళాను. ఆ పెట్టెని పెకిలించి చెత్తబుట్టలో పారేద్దామని. చెల్లి అడ్డం వచ్చింది.

"తియ్యకక్కా. మనదొక్కటే తీసేస్తే, బోర్డు మీద తగ్గినంతా మనింటిదేనని తెలిసిపోతుంది."

కత్తెర నా చేతిలోనే ఉండిపోయింది. "నాకెందుకు చెప్పలేదే?" అని దాని మీద విరుచుకుపడ్డాను. ఎవరి మీది కోపమో దాని మీద. "తోడబుట్టినదాన్ని. పక్కకుట్లు విప్పింది నేను. అరవై మందితో పాటు అంకె చూసి తెలుసుకోవాలా నేను?"

"చెప్తే నువ్వు కూడా అమ్మలాగే అంటావేమోనని భయమేసింది. బిడ్డ కోసమైనా వెళ్ళు అని." అది మిషను పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది. "అనవని నమ్మకం కుదిరాక చెప్దామనుకున్నా. దగ్గర దగ్గర కుదిరింది. ఈ వారంలోనే చెప్దామనుకున్నా. ఎలా చెప్పాలో కూడా అనుకున్నానక్కా. ఆ చొక్కా మళ్ళీ నీకు ఇచ్చి, ఇంకాస్త వదులు చెయ్యి, ఇంకో ఐదు నెలలకి సరిపోయేలా అందామని."

అంతసేపూ ఏడవనిది అప్పుడు ఏడ్చింది. నేను దాన్ని ఊరుకోబెట్టలేదు. ఊరుకోబెట్టడానికి నా దగ్గర మంచి మాటలు లేవు, ఉన్నదంతా కోపమే. అతని మీద, సంతకం పెట్టినవాడి మీద, నిలబడి చూసిన అరవై జతల కళ్ళ మీద, ఆ భోజనాల రోజున పగలబడి నవ్విన నా మీద. దాని నోట్లోంచి ఆ ఒక్క మాట అందరూ కలిసి లాగేసుకున్నారు. దాని దగ్గర దానిదంటూ ఉన్నది ఆ ఒక్క మాటే.

కత్తెర పక్కన పెట్టి, మిషను ముందు నా కుర్చీలో కూర్చున్నాను. టేపు మెడలో వేసుకున్నాను.

"చెప్పు" అన్నాను.

"ఏం చెప్పను?"

"నాకేమీ తెలీదు. నేను ఏ బోర్డూ చూడలేదు. చొక్కా ఇచ్చి, నువ్వు చెప్దామనుకున్నట్టే చెప్పు."

చెల్లి కళ్ళు తుడుచుకుని లేచి, దండెం మీది చొక్కా తీసి, నా ఒళ్ళో పెట్టింది.

"ఇంకాస్త వదులు చెయ్యక్కా. ఇంకో ఐదు నెలలకి సరిపోవాలి."

"ఐదు నెలలేమిటే?" అన్నాను. "ఏమిటే, నిజంగానా?"